సందు లేని చెక్కల అరుగు

కళావతి నోటికి జడిసి గద్వాలలో ఆ వీధిలోకి కుక్కలు కూడా రావని ఆమె మొగుడు శ్రీరాములు చెబుతుంటాడు. పచ్చి అబద్ధం. కుక్కలకు ఆమె రోజూ అన్నం పెడుతుంది, అవి తోకలూపుకుంటూ గడప దాకా వస్తాయి. పక్క సందులోంచి చుట్టు తిరిగి చప్పుడు కాకుండా ఇంటికి చేరేది శ్రీరాములే.

కళావతికి అరవై రెండేళ్లు. అందులో ముప్పై ఎనిమిదేళ్లు సగం ఒళ్లు భూమి లోపల పెట్టుకుని బతికింది. వేదాంతం చెబుతున్నాననుకునేరు, అదేం కాదు. గుంట మగ్గం సంగతే అంత. నేలలో గుంట తవ్వి, దాని అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగునున్న తొక్కుడు చెక్కల్ని ఎడమా కుడీ తొక్కుతూ చీర నేయాలి. శ్రీరాములు మగ్గం ముందు గదిలో ఉండేది. వచ్చేపోయేవాళ్లు కనిపించేవాళ్లు, వాళ్లతో కబుర్లు సాగేవి. కళావతి మగ్గం పెరట్లో, రేకుల షెడ్డులో, గోడకు ఎదురుగా. పెళ్లయి వచ్చిన నాలుగో రోజు అత్త ఆ గుంట చూపించింది. "సగం ఆడనే బొంద పెట్టిండ్రు నన్ను. మిగిలిన సగానికి కొత్త బొంద తవ్వుడు దండుగ, గండ్లనే పెట్టుండ్రి" అని కళావతి తన కూతురు భార్గవితో అంటుంటుంది. భార్గవి నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. ఇలాంటి మాటలకు నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకు ఇప్పటికీ తెలియదు.

పనిలో మాత్రం కళావతికి వంక పెట్టినవాడు లేడు. గద్వాల చీరంటే నూలు ఒంటికి పట్టు అంచు. రెండూ వేరువేరు పోగులు, నేతలోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆమె నేసిన చీరను ఎండకు పట్టి చూస్తే ఆ కలిసిన చోట సూదిమొనంత వెలుతురు కూడా దూరదు. ఇంకెవరి చీరలోనైనా సందు కనిపించిందా, "ఇది చీరనా, జల్లెడనా?" అని వీధి నడిమధ్యన నిలబెట్టి అడిగేది. మగ్గం మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆమె ఇంటి ముందు నుంచి చీర తీసుకుపోవాల్సి వస్తే సంచిలో కుక్కి తీసుకుపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ముందు చూపు మందగించింది, తర్వాత మోకాళ్లు పోయాయి. నాలుగేళ్ల కిందట మగ్గం ఎత్తేశారు. మరుసటేడు గాలిదుమారానికి షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, గోడ కూలింది. మిగిలింది ఆ గుంట, గోడ ఉన్నచోట ఆమె నాటిన మల్లె చెట్టు, రెండు కరివేపాకు మొక్కలు, ఒక జామ. పొద్దుగూకే వేళ వాటి దగ్గర ఏ పనీ లేకుండా ఊరికే కూర్చోవాలని కళావతి కోరిక. ఆమెకు ఇంకా చాలా కోరికలున్నాయి గానీ, అవన్నీ శ్రీరాములు మారితే తీరేవి. ఇదొక్కటే తన చేతిలో ఉన్నదనుకుంది.

అదీ కుదరలేదు. కింద కూర్చుంటే మోకాళ్లు మడతపడవు, పడితే విప్పుకోవు. "కుర్చీల కూసో అమ్మా" అని భార్గవి ప్లాస్టిక్ కుర్చీ కొనిచ్చింది. పెరట్లో మట్టి మెత్తన, కుర్చీ కాలు దిగబడి ఒకసారి కళావతిని జామ మొదట్లో పడేసింది. దిగబడకుండా నిలిచిన రోజు కూడా గంట తిరక్కుండానే మోకాళ్లు సలుపు మొదలుపెట్టేవి.

పోయిన మాఘంలో పెద్దమందడి దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు చుట్టాల పెళ్లికి వెళ్లింది. హాలు వెనక తోట, తోటలో నేలకు జానెడు ఎత్తున చెక్కలతో వేసిన పెద్ద అరుగు. జనం దాని మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. కళావతి చెప్పులు విడిచి అటూ ఇటూ నడిచింది. బండలా జివ్వుమనలేదు, సిమెంటులా గీరుకోలేదు. మగ్గం చెక్కలు తొక్కిన పాదాలు కదా, ఆ చెక్క వాటికి వెంటనే నచ్చింది. భోజనాలకు పిలుస్తున్నా దిగలేదు. తోటపని చూసే బాలన్న చీపురుతో అక్కడే ఉంటే అతణ్ని పట్టుకుంది.

"ఏం తమ్మీ, గీ చెక్కలేసి ఎన్నేండ్లయె?"

"మూడేండ్లమ్మా. నా పాణం తీసుడు షురువయ్యి గూడ మూడేండ్లే," అన్నాడు బాలన్న. అడిగే మనిషి దొరికేసరికి అతని కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. "వానకాలం నాచు పడ్తది. పోయినేడు పెండ్లిపిల్లగాని మేనమామ జారి పడ్డడు, పెండ్లంత దవాఖానల్నే. ఎండకాలం పగుల్తది. ఏడాదికోపారి గరుకు కాయితం బెట్టి రుద్దాలె, నూనె పట్టియ్యాలె. మేకులు లేస్తయ్, కొట్టాలె. చెదలొస్తయ్, సూస్కోవాలె. గీ కట్టెను సాదే బదులు ఓ బర్రెను సాదుకోరాదమ్మా, పాలన్న ఇస్తది."

"మగ్గం గూడ గంతే గద తమ్మీ. ముప్పై ఎనిమిదేండ్లు సాదిన. పాలియ్యలే," అంది కళావతి. పెళ్లి భోజనంలో స్వీటు కూడా వేయించుకోకుండా ఇంటికొచ్చింది.

ఇంట్లో మాట ఎత్తగానే శ్రీరాములు తాండూరు బండలన్నాడు. "బండలు పరిస్తె అయిపాయె. బకీటు నీళ్లు గొట్టు, ఊడ్వు. నూనె లేదు, రుద్దుడు లేదు. ఆ గుంత గూడ పూడుస్త, పీడ పోతది." అతని మనసులో ఉన్నది వేరు. గుంట పూడ్చి బండలు పరిస్తే తన టీవీఎస్ బండి ఎండకూ వానకూ దూరంగా జామచెట్టు కింద పెట్టుకోవచ్చు. ఈ సంగతి అతను చెప్పలేదు, కళావతికి చెప్పనక్కర్లేదు.

బషీర్‌ను పిలిపించింది. ఆ వీధిలో మగ్గాలు చేసిందీ, బాగుచేసిందీ బషీర్ తండ్రి, అతని తర్వాత బషీర్. ఇప్పుడు మగ్గాలు తగ్గి తలుపులూ కిటికీలూ చేస్తున్నాడు. పెరడంతా చూశాడు, గుంటలోకి తొంగి చూశాడు, చెవి వెనకనున్న పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"అక్కా, కట్టెపని చేసెటోన్ని, నేనే చెప్తున్న. కట్టె వద్దు. బండలెయ్యి."

"నిన్ను సలహా అడగలే. కట్టెల ఏ కట్టె మంచిదో చెప్పు."

బషీర్ నిట్టూర్చి వేళ్లు మడిచాడు. టేకు రాజాలాంటిది, కానీ టేకుతో అరుగు వేయాలంటే ఇల్లు అమ్ముకోవాలి. నల్లతుమ్మ గట్టిదే, మేకు దిగదు, దిగితే రాదు. ఈ మధ్య పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసిన చెక్కలొస్తున్నాయి, నూనె అక్కర్లేదు, చెద పట్టదు, కానీ మన ఎండలకు కాలు పెడితే బొబ్బలే.

"థూ. పాలిస్టర్ చీరకు జరీ అంచేసినట్టు," అంది కళావతి. ఆ మాటతో ప్లాస్టిక్ సంగతి తేలిపోయింది.

మిగిలింది వేప. చెదలకు చేదు, మన నేలలో పుట్టింది, మన ఎండ తెలిసింది. కానీ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మట్టికి తగలకుండా కింద రాతి కడీల ముక్కలు పెట్టాలి, ఏటా ఎండాకాలం అవిసె నూనె పట్టించాలి. "గుంత మాత్రం పూడ్వద్దక్కా. గాలాడ్తది కట్టెకు. నీళ్లు పోనీకి చిన్న కాల్వ దీస్త," అన్నాడు బషీర్. టీవీఎస్ బండి గురించి అతనికి తెలియదు పాపం. శ్రీరాములు అతణ్ని కొరకొరా చూశాడు.

చివరికి శ్రీరాములు, పక్కింటి అలివేలమ్మను సాక్షిగా పిలిచి, పెద్దమనిషి ఫోజు పెట్టి పందెం కట్టాడు. "ఒక్క వానకాలం. కట్టె సక్కగుంటె ఉంటది, ఏటేట నూనె నేనే బెడ్త. ఖరాబైతె పీకేసి బండలేస్త. మళ్ల కిక్కురుమనద్దు."

"అనను," అంది కళావతి. మాట ఇస్తే వెనక్కి తీసుకునే మనిషి కాదని అలివేలమ్మకు తెలుసు, శ్రీరాములుకు ఇంకా బాగా తెలుసు. అందుకే కట్టాడు.

మే నెలలో పని మొదలైంది. తెలకపల్లిలో కోయించిన వేప చెక్కలు, ఎండకు ఎండి టంగున మోగుతున్నాయి. కడీలు పాతి, పైన అడ్డదూలాలు వేసి, బషీర్ మొదటి చెక్క కొట్టాడు. రెండో చెక్క పెట్టి మధ్యలో ఒక మేకు నిలబెట్టాడు.

"అదేంది?" అంది కళావతి. కుర్చీ వేసుకుని పని మీదే కన్నేసి కూర్చుంది.

"మేకు మందం సందక్కా. చెక్కకు చెక్కకు నడుమ ఇడ్వాలె. నీళ్లు కిందికి పోతయ్. కట్టె ఉబ్బితె జాగుంటది."

"సందా? బషీర్, సందిడిసిన పని నా ఇంట్ల నేనెన్నడన్న ఒప్పుకున్ననా?"

"అరె, ఇది చీర గాదక్కా!"

"చీర గాకుంటె ఏంది? పక్కపక్కకు వెట్టి కలిపేదేదైన గంతే. కలిసినట్టుండాలె. ఆ మేకు దియ్యి."

బషీర్‌కు యాభై ఏళ్లు. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాడు. అయినా పద్నాలుగేళ్లప్పుడు మగ్గం పలక వంకరగా చేసి కళావతి దగ్గర తిన్న తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. రెండుసార్లు చెప్పి చూశాడు, మూడోసారి మేకు తీశాడు. ఆమె నూలుపోగు ఒకటి తెప్పించుకుంది. ప్రతి చెక్క కొట్టాక ఆ పోగును మధ్యలో దూర్చి చూసేది. దూరిందా, చెక్క ఊడదీసి మళ్లీ కొట్టాలి. మూడు రోజుల పని ఎనిమిది రోజులైంది. పూర్తయ్యాక చూస్తే, నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. చీపురుపుల్ల దూరే చోటు లేదు. కళావతి కుర్చీ దాని మీద వేసుకుని, మల్లె చెట్టుకు ఎదురుగా, మహారాణిలా కూర్చుంది. గంటకు మోకాళ్లు సలిపాయి. ఎవరికీ చెప్పలేదు.

జూన్ వానలు ఒకటి రెండు పడి పోయాయి. నీళ్లు అరుగు మీదే నిలిస్తే చీపురుతో నెట్టేసింది. జూలైలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఆకాశం మూసుకునే ఉంది. అయిదో రోజు పొద్దున కళావతి చాయ్ మరిగిస్తుంటే పెరట్లో ఢామ్మని చప్పుడైంది. వెంటనే ఇంకోటి.

వెళ్లి చూస్తే అరుగు నడుమ మూడు చెక్కలు గూడారంలా పైకి లేచి ఉన్నాయి. మేకులు ఊడి వచ్చాయి. మిగతా చెక్కలు పక్కకు జరిగి జరిగి, పెరట్లోని స్నానాల గది తలుపుకు అడ్డం పడ్డాయి. లోపల శ్రీరాములు ఉన్నాడు.

"ఏమైందే? తలుపొస్తలేదు!"

కళావతి లేచిన చెక్కల్నే చూస్తూ నిలబడింది. శ్రీరాములు తలుపు మీదుండే చిన్న కిటికీలోంచి మెడ సాచి చూశాడు. సబ్బు నురగ ముఖం మీద అట్లాగే ఉంది. చూసి, అర్థమై, గోడ మీదుగా పక్కింటికి వినబడేలా గొంతెత్తాడు. "అలివేలమ్మా! ఓ అలివేలమ్మా! సాచ్చం నువ్వే! గెలిచిన!"

"గెలిచినోనివి బయటికి రా మరి," అంది అలివేలమ్మ గోడ అవతల నుంచి.

బషీర్ గడ్డపార పట్టుకొచ్చి చెక్క సందులో పెట్టి తలుపు విడిపించేసరికి గంట పట్టింది. శ్రీరాములు ఒంటికి చుట్టిన తువ్వాలుతోనే, విజయం చల్లారకముందే, బండల దుకాణానికి ఫోన్ చేశాడు. బట్టలు ఆ తర్వాత వేసుకుని, తనే వెళ్లి బండలు చూసి ట్రాక్టర్ పంపిస్తానని బయల్దేరాడు.

పెరట్లో బషీర్, కళావతి మిగిలారు. మామూలుగా అయితే ఆమె అతని వంశమంతా తిట్టాలి. అతనూ అందుకే సిద్ధపడి నిలబడ్డాడు.

"అక్కా, నేన్ జెప్పిన. ఖుదా కసమ్, రెండుపార్ల జెప్పిన."

"చెప్పినవ్," అంది కళావతి. "నాదే తప్పు. సందుంటె తప్పని నలభై ఏండ్లు కండ్లు కాయలు గాసేటట్టు సూసిన గద, ఆ కండ్లే ముంచినయ్ నన్ను. నా నోట్లె మన్ను వడ. ఇగ ఆ బండి ఈడ పెట్టుకుంటడు."

ఆమె తప్పు ఒప్పుకోవడం బషీర్ జన్మలో వినలేదు. భయం వేసింది. ఏదో ఒకటి చేయాలని, లేచిన మూడు చెక్కల్నీ గడ్డపారతో లాగేసి పక్కన పడేశాడు. సరిగ్గా గుంట మీది చెక్కలవి. "ఇవి దీస్తె మిగిలినయ్ ఊపిరి పీల్చుకుంటయ్. అన్నిట్ల మేకు మందం సందిస్తె మళ్ల సక్కగైతదక్కా. అన్నకు నేన్ జెప్త."

"చెప్పకు. మాటిచ్చిన," అంది. వారం రోజులు నూలుపోగు పట్టుకుని తన కోరికను తనే ఉరి తీసుకున్నానని ఏడుపొచ్చింది. కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా, చెక్కలు తీసిన చోట అంచు మీద అట్లాగే కూలబడింది. కాళ్లు గుంటలోకి జారాయి.

కాసేపు తిట్టుకుంటూనే ఉంది. తర్వాత తిట్లు ఆగిపోయాయి. బషీర్ తలెత్తి చూశాడు.

"ఏమైందక్కా?"

"ఉండు జర."

మోకాళ్లు సలపడం లేదు. కాళ్లు పొడుగ్గా కిందికి వేలాడుతున్నాయి, మునివేళ్లు గుంట అడుగున తగిలీ తగలనట్టున్నాయి. నడుము తనంతట తనే నిటారుగా నిలబడింది. ఏ కుర్చీలోనూ కుదురుకోని ఒళ్లు, ఇక్కడ అడగకుండానే కుదురుకుంది. ముప్పై ఎనిమిదేళ్లు నోరారా తిట్టిన గుంట ఇది. ఆమెకు కోపం కూడా వచ్చింది, ఈ ముండమోపి గుంటే దొరికిందా తనకు సుఖంగా ఉండడానికి అని. పది నిమిషాలు చూసింది. పావుగంట చూసింది. సలుపు రాలేదు.

ట్రాక్టర్ చప్పుడు వీధిలో వినబడింది. శ్రీరాములు పెరట్లోకి వచ్చి, పెళ్లాం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉండడం చూసి ఆగాడు.

"ఏందే, పిచ్చి గిట్ల లేసిందా? మళ్ల అండ్లనే కూసున్నవ్."

"గెలిచినవ్. బండలేస్కో. నేనేమనను," అంది కళావతి అతని వైపు తిరగకుండానే. "జర సేపాగి ఏస్కో, గంతే. ఇంత సేపు కూసున్న గద, మోకాళ్లు నొస్తలెవ్వు. గిదే గుంత, గిదే కూసునుడు. ముప్పై ఎనిమిదేండ్లు గోడను సూస్కుంట కూసున్న. ఇయ్యాల చెట్టు గనవడ్తున్నది."

శ్రీరాములు మల్లె చెట్టు వైపు చూశాడు. అక్కడ గోడ ఉండేదని అతనికి తెలుసు. ఆ గోడ ఆమె ముఖానికి ఎంత దగ్గరగా ఉండేదో మాత్రం ఈ గుంట పక్కన నిలబడితేనే తెలిసింది. చేయి చాస్తే అందేంత దూరం. ముందు గదిలో తను వీధిని చూస్తూ, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ నేశాడు. పెళ్లాం ఎటు చూస్తూ నేస్తుందో కనుక్కున్న గుర్తు లేదు. అలివేలమ్మ గోడ మీద తల పెట్టి తీర్పు కోసం ఎదురుచూస్తోంది.

"బషీర్," అన్నాడు చివరికి. "ఆ బండలు ముంగటేయించు, వాకిట్ల. బండి ఆడనే పెట్టుకుంట. ఈడ ఎంత సందిడ్వాలెనో అంత ఇడ్సి సక్కగ కొట్టు. గుంత మీద మాత్రం చెక్కలెయ్యకు."

"మూత చేస్తనన్నా. కోళ్లు పడకుంట," అన్నాడు బషీర్. అతని ముఖం వెలిగింది.

"ఏటేట నూనె?" అంది కళావతి.

"నువ్వు ఓడినవ్ గద. నేనెందుకు పెడ్త?"

"బండలెయ్యలే గద. గట్లయితె నువ్వు గెలవలే."

శ్రీరాములు అలివేలమ్మ వైపు చూశాడు. "న్యాయమే," అంది అలివేలమ్మ, తల కిందికి తీసేసుకుంటూ.

"నాకెర్కే," అని గొణుక్కుని అతను చెప్పులు విడిచాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మూలుగుతూ ఒంగి, ఆమె పక్కన అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి దించాడు. "జర జరుగు." పెళ్లయిన నలభై రెండేళ్లలో వాళ్లిద్దరూ ఒకే గుంటలో కూర్చోవడం అదే మొదలు. ఆమె జరిగింది, తిట్టకుండానే.

వాన తెరిపిచ్చింది. మల్లె మొగ్గలు తడిసి బరువుగా వంగి ఉన్నాయి. బషీర్ ఒక చెక్క ఊడదీసి, మేకు నిలబెట్టి, సందు చూసుకుని మళ్లీ కొడుతున్నాడు. సందులన్నీ ఒకే మందంలో ఉండాలని, రెండో దానికి వెంట్రుకవాసి తేడా ఉందని కళావతి కూర్చున్నచోటి నుంచే అరిచింది. బషీర్ దాన్నీ ఊడదీశాడు.

కాసేపటికి శ్రీరాములు గుంటలోకి చూశాడు. పెళ్లాం పాదాలు ఊరుకోవడం లేదు. అడుగున చెక్కలు లేకపోయినా ఒకదాని తర్వాత ఒకటి, ఎడమా కుడీ, మెల్లగా తొక్కుతున్నాయి.

"ఏం నేస్తున్నవే?" అన్నాడు.

కళావతి కిందికి చూసుకుంది. అప్పటిదాకా ఆమెకూ తెలియదు.

"ఏం లేదు," అంది. "ఉత్తగనే." కాళ్లను మాత్రం ఆపలేదు.